ఆరో లాచ్

…అయినా అరచేయి అబద్ధం ఎందుకు చెబుతుంది? నున్నగా జారిపోయింది. ఎక్కడా అంచు తగల్లేదు. అంచు తగల్లేదంటే ప్యానెల్ మూసుకున్నట్టే. ప్యానెల్ మూసుకుందంటే లాచ్‌లు ఆరూ పడ్డట్టే. ఆరూ పడ్డాయంటే, రైల్లో కిటికీ పక్కన సీటు దొరికి, ఆరు రోజుల సెలవు దొరికి, బయట వానలకు పచ్చబడ్డ చేలు దొరికి, వాటిలో ఒక్కదాన్నీ అనుభవించకుండా కుడి అరచేతిని ఎడమ బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చోవలసిన అవసరం కవితకు లేదు.

అవసరం లేదని తెలిసిన పనినే మనసు మహా శ్రద్ధగా చేస్తుంది. సికింద్రాబాద్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి ఆమె ఆ ప్యానెల్‌ను పదిసార్లయినా మూసి ఉంటుంది. ఘట్‌కేసర్ దగ్గర ఒకసారి, భువనగిరి గుట్ట కనిపించినప్పుడు ఒకసారి, ఆలేరులో ఇంకోసారి. మూసిన ప్రతిసారీ చక్కగా మూసుకుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఊహలో మూసే తలుపులు ఎప్పుడూ చక్కగానే మూసుకుంటాయి.

శంషాబాద్ దగ్గర విమానాలకు మరమ్మతులు చేసే పెద్ద షెడ్డు ఒకటి ఉంది. హ్యాంగర్ అంటారు. అందులో కవిత నాలుగేళ్లుగా టెక్నీషియన్. ఆమె పని తెరవడం, మూయడం. లోపల ఏం చెడిందో చూసేవాళ్లు వేరే, బాగుచేసేవాళ్లు వేరే. వాళ్లు రాకముందు తెరిచేది, వాళ్లు పోయాక మూసేది ఆమె. విమానం అనగానే అందరికీ పైకి ఎగిరేది గుర్తొస్తుంది. ఆమెకు మాత్రం కింద వెల్లకిలా పడుకుంటే కనిపించే బూడిదరంగు పొట్ట గుర్తొస్తుంది. ఆ పొట్ట నిండా తలుపులు, మూతలు, వాటి మీద నంబర్లు.

నిన్న మధ్యాహ్నం మూసింది వెనక చక్రాల అవతల ఉండే చాటంత ప్యానెల్. దాని వెనక నూనె గొట్టాలు ఉంటాయి. ఆరు లాచ్‌లు. ఒక్కోదాన్ని నొక్కి పావు వంతు తిప్పితే ‘టక్’మని పడుతుంది. ఐదు పడి ఆరోది పడకపోయినా ప్యానెల్ ఒంటికి అతుక్కునే ఉంటుంది, అరచేతికి తేడా తెలియదు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ముల్లాగా ఆ ఐదూ ఆరోదాని తప్పును కప్పిపుచ్చుతాయి. నేల మీద ఉన్నంతసేపే ఆ దాపరికం. పైకి లేచాక గాలికి గోరంత సందు చాలు, ఐదింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఊడబెరుకుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో కవిత ఆలోచించదు. ఆలోచించదు అంటే, ఆలేరు నుంచి అదే ఆలోచిస్తోంది.

ఆ విమానాన్ని ఈ సాయంత్రం నాలుగింటికి హ్యాంగర్ లోంచి బయటికి లాగుతారు. రాత్రికి జనంతో ఎగురుతుంది.

ఆమె తర్వాత చూసేవాళ్లు ఉన్నారు. లాగేముందు ఒకరు చుట్టూ తిరిగి చూస్తారు, ఎగిరేముందు పైలట్ కూడా చూస్తాడు. కానీ నీడలో, పొట్ట కింద, ఒక లాచ్ మీద గీత అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అని టార్చి వేసి చూడాలంటే వంగాలి. కవిత మూసింది కదా అని ఒకరు అనుకుంటారు. ఆయన చూశాడు కదా అని ఇంకొకరు అనుకుంటారు. మనుషులు ఒకరినొకరు నమ్మడం మంచిదే. కాకపోతే ఆ నమ్మకాలన్నీ తిరిగి తిరిగి చివరికి తన అరచేతి దగ్గరికే వస్తున్నాయి.

జనగామలో ఎక్కిన ముసలామె ఎదుటి సీట్లో సర్దుకుని కూర్చుంది. పేరు అండాలట, మానుకోటలో బిడ్డ దగ్గరికి పోతోందట. అడగకుండానే అన్నీ చెప్పింది. చెప్పడం అయిపోయాక అడగడం మొదలుపెట్టింది.

"పట్నంల ఏం చేస్తవు బిడ్డా?"

"విమానాల కాడ పని అవ్వా."

"నడుపుతవా?"

"నడుపను. తలుపులు తీసుడు, మూసుడు."

అండాలు కాసేపు ఆమెను ఎగాదిగా చూసింది. "తలుపులు మూసుడుకు జీతమిస్తరా? మా కోడలు ఫ్రిజ్జు తలుపే మూయది. దాన్ని గూడ జర ఆడ పెట్టియ్యరాదు, నేర్చుకుంటది."

పక్క సీట్లోవాళ్లు నవ్వారు. కవిత కూడా నవ్వింది. నవ్వుతూ ఉంటే అరచేయి కాస్త ఊరుకున్నట్టయింది.

"ఎన్నుంటయేంది తలుపులు?"

"మనుషులెక్కేటియి ఎడమ దిక్కు. అన్నం డబ్బాలు ఎక్కిచ్చేటియి కుడి దిక్కు. సామాన్లకు కింద. నీళ్లు నింపనీకి ఒకటి, దొడ్డి సాఫ్ చేయనీకి ఒకటి. చిన్నయి పెద్దయి కలిపితే వంద మీదనే ఉంటయి అవ్వా."

"వందనా!" అండాలు బుగ్గన వేలు పెట్టుకుంది. "మరి అన్ని మూసొచ్చినవా?"

మామూలు ప్రశ్న. ఇంటినుంచి బయల్దేరిన ఆడవాళ్లను ఎవరైనా అడిగేదే. కవితకు మాత్రం రైలు ఒక్కసారి కుదిపినట్టయింది.

"మూసిన అవ్వా," అంది.

ఆ మాట తన నోటినుంచి ఎంత సులువుగా వచ్చిందో ఆమె విన్నది. ఇదే సులువుతో ఏడేళ్ల కిందట ఇంకో మాట వచ్చింది. "పెట్టిన బాపు."

అప్పుడు ఆమెకు పంతొమ్మిది. ఐటీఐ చదువుతోంది. తండా నుంచి కేసముద్రం మార్కెట్‌కు పత్తి తీసుకుపోతున్నారు. బాపు చత్రు ట్రాక్టర్ మీద, ఆమె వెనక ట్రాలీలో పత్తి మీద. ట్రాలీ వెనక తలుపుకు ఇనుప పిన్ను పెట్టావా అని బాపు అడిగాడు, పెట్టానని ఆమె చెప్పింది. పెట్టలేదు. కేసముద్రం చేరేసరికి ట్రాలీలో సగం పత్తి లేదు. దారి పొడుగునా రోడ్డుకు రెండు వైపులా తుమ్మ చెట్లకు, తంగేడు పొదలకు తెల్లగా పత్తి. తండ్రీ బిడ్డా గోనె సంచులు పట్టుకుని సాయంత్రం దాకా ఏరారు. ఆ ఏడు కేసముద్రం దారిలో తుమ్మలు కూడా పత్తి కాశాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. కవిత మరిచిపోయిందిలే అని అందరూ నవ్వేసి ఊరుకున్నారు.

ఆమె మరిచిపోలేదు. అది ఎవరికీ చెప్పని సంగతి. చెరువు కట్ట మలుపు దగ్గరే గుర్తొచ్చింది, పిన్ను పెట్టలేదని. ఆపు బాపు అని ఒక్క కేక వేస్తే చాలు. పెట్టానని చెప్పి పది నిమిషాలు కాలేదు కదా, సిగ్గేసింది. సిగ్గుపడుతూ నాలుగు కిలోమీటర్లు పత్తి మీద కూర్చుని, వెనక ఒక్కో తెల్లటి ముద్ద రోడ్డు మీద దిగి పోతుంటే చూసింది.

ఆ నాలుగు కిలోమీటర్లకు బదులుగా ఇప్పుడు ప్రతిదానికీ కేక వేస్తోంది. అదే ఆమె జబ్బు అని ఆమెకే తెలుసు. తెలిస్తే తగ్గుతుందని పుస్తకాల్లో రాస్తారు. తగ్గదు. తెలిసిన జబ్బు ఇంకాస్త దర్జాగా కూర్చుంటుంది, అంతే.

హ్యాంగర్‌లో రెండుసార్లు కేక వేసింది. మొదటిసారి, విమానం ముక్కు దగ్గర కరెంటు ఎక్కించే చిన్న తలుపు మూయలేదేమోనని బస్సులోంచి ఫోన్ చేసింది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నర్సయ్య, విమానాన్ని లాగే బండిని ఆపించి, స్వయంగా పోయి చూశాడు. మూసే ఉంది. రెండోసారి, కుడి వైపు సర్వీసు తలుపు సందులో టార్చిలైటు వదిలేశానేమోనని చేసింది. ఇద్దరు మనుషులు గంటసేపు వెతికారు. టార్చి ఆమె సంచిలో, టిఫిను డబ్బా కింద దొరికింది. ఆ రోజు నుంచి ఆమె పేరు ‘మళ్లొక్కసారి కవిత’. ఆ పేరు పెట్టింది తనతో పనిచేసే అభిలాష్, జనగామలో కిరాణా దుకాణం వాళ్ల అబ్బాయి. "మా దుకాణంల చేరు కవితా," అనేవాడు. "షట్టరు గుంజినంక మా నాయిన తాళాన్ని మూడుసార్లు గుంజి చూస్తడు. మీ ఇద్దరికి మంచిగ కుదురుతది."

వాటికి ఆమె ఏమీ అనుకోలేదు. అనుకున్నది నర్సయ్య అన్న మాటకు. ఆయనది రేగొండ. ముప్పై ఏళ్లుగా విమానాల కింద బతుకుతున్న మనిషి. పోయిన వారం టీ తాగుతూ అన్నాడు: "సోమవారం నీ నంబరు మీద ముద్ర వస్తది బిడ్డా. నువ్వు మూసిందానికి నువ్వే ముద్ర గుద్దొచ్చు. కానీ ఒకటి యాదిపెట్టుకో. ముద్ర గుద్దినోళ్లు ఇంటికి పోయి నిద్రపోవాలె. నిద్రపట్టనోళ్లకు ముద్రెందుకు చెప్పు?"

నవ్వుతూనే అన్నాడు. గుండ్రటి చిన్న రబ్బరు ముద్ర. దానికోసం ఆమె నాలుగేళ్లు వెల్లకిలా పడుకుంది. మూడోసారి ఫోన్ చేస్తే, ప్యానెల్ మూసే ఉంటే, ఆ ముద్ర సొరుగులోకి పోతుంది. ఆ సంగతి ఆమెకు రైలు పట్టాలంత స్పష్టంగా కనిపిస్తోంది. ఫోన్ చేయకపోతే, ప్యానెల్ మూసి లేకపోతే… అది కూడా కనిపిస్తోంది.

కాజీపేట దాటాక ఆమె ఒక ఉపాయం చేసింది. నిన్నటి రోజులో మంచి సంగతులు ఏరుకుందాం అనుకుంది. ఒకటి వెంటనే దొరికింది. మోతీ.

అందరూ తమకు తోచిన భాషలో లెక్కపెట్టుకుంటారు. కవిత లాచ్‌లను తన ఇంటి భాషలో లెక్కపెడుతుంది, తండా భాషలో. ఏక్, ది, తీన్, చార్, పాంచ్, ఛో. తెలుగులో లెక్కపెడితే పక్కవాళ్ల తెలుగు అడ్డొస్తుంది. ఇంగ్లీషులో పెడితే మైకులో ఇంగ్లీషు అడ్డొస్తుంది. తండా భాష ఆ హ్యాంగర్‌లో ఆమె ఒక్కదానిదే. గొళ్లెం వేసుకున్న గదిలాగా ఉంటుంది. నాలుగేళ్లలో ఆ గదిలోకి ఎవరూ రాలేదు.

నిన్న వచ్చారు. కొత్తగా శుభ్రం చేసే పనిలో చేరిన నడివయసు ఆమె తడిగుడ్డ పట్టుకుని పక్కనే చక్రాలు తుడుస్తూ, ఉన్నట్టుండి ఆగి, అచ్చమైన తండా మాటల్లో "అరే, నువ్వు మనదానివేనా?" అంది. ఆమే మోతీ. టేకుమట్ల దగ్గర తండా. కవితకు కళ్లనీళ్లొచ్చినంత పనయింది. అన్ని రెక్కల మధ్య, అన్ని మిషన్ల మోత మధ్య, యాడి, కన్నతల్లి, పిలిచినట్టు! ఇద్దరూ తీజ్ గురించి మాట్లాడుకున్నారు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలిపించే పండుగ. కవిత పేరున కూడా ఒక బుట్ట ఉందంటే మోతీ సంబరపడింది. "మంచి పొడుగు మొలకలు రావాలె నీకు," అంది.

ఆ సంగతి తలుచుకుంటే కవితకు అరచేయి నెమ్మదించింది. వరంగల్‌లో టీ కూడా తాగింది.

*

కేసముద్రం స్టేషన్ బయట చత్రు ట్రాక్టర్‌తో నిలబడి ఉన్నాడు. మార్కెట్‌లో ఎరువు బస్తాలు తీసుకుని, బిడ్డను కూడా అదే బండిలో తీసుకుపోదామని వచ్చాడు. ఆమెను చూడగానే చేతిలోంచి సంచి లాక్కున్నాడు.

"బక్కగైనవ్ బిడ్డా. ఆ విమానాలోళ్లు తిండి పెట్టరా?"

"నువ్వు ప్రతిసారి గదే అంటవ్ బాపు."

"నువ్వు ప్రతిసారి బక్కగనే వస్తవ్."

ఇంటి భాషలో మాటలు అలా పడుతుంటే ఆమెకు వీపు మీద బరువు దించినట్టుంటుంది. ట్రాలీ వెనక్కి వెళ్లి, "పిన్ను నేను పెట్టనా?" అని అడిగింది.

"అయిపాయె. పెట్టిన," అన్నాడు చత్రు.

ఏడేళ్లుగా అదే జవాబు. కోపంతో అనడు. ఆమె అడిగేలోపే పెట్టేస్తాడు. ఆమె ట్రాక్టర్ మీద అతని పక్కన మడ్గార్డ్ ఎక్కి కూర్చుంది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు ఇంకా మోకాలెత్తున ఉన్నాయి. కాలువ దాటాక పెద్ద తుమ్మ చెట్టు వచ్చింది. ఎప్పటిలాగే చత్రు దానికేసి గడ్డం ఎత్తి చూపించాడు.

"గీ తుమ్మకు ఆ ఏడు ఐదు కిలోలు కాసింది."

ఎప్పటిలాగే నవ్వవలసిన చోటు అది. కవిత నవ్వలేదు. ట్రాక్టర్ మోతలో చెప్పడం సులువనిపించింది. సగం వినపడకపోయినా నష్టం లేదు.

"బాపు, ఆ దినం నేను మర్చిపోలే. చెరువు కట్ట మలుపు కాడనే యాదికొచ్చింది, పిన్ను పెట్టలేదని. నీకు చెప్పనీకి సిగ్గయింది. చూసుకుంటనే కూసున్న."

చత్రు గేరు మార్చాడు. బండి వేగం తగ్గింది.

"నాకు గూడ ఎరుకే," అన్నాడు.

"ఏమెరుక?"

"పత్తి పోతున్నట్టు. అద్దంల కనపడ్డది. వెనక తెల్లగ లేస్తనే ఉన్నది."

కవిత అతని ముఖంలోకి వంగి చూసింది. "మరి ఆపలేదేంది?"

"ఎట్ల ఆపుత? ఆ ట్రాక్టరు మనది గాదు, హరిలాల్‌ది. సెల్ఫు ఖరాబైంది. ఒకపారి ఆగితే మళ్ల లేవది. నూకనీకి మనమిద్దరమే. ఎక్కడన్న కిందికి దిగుడు బాట రానీ, ఆపుదామనుకున్న. కేసముద్రం దాక దిగుడే రాకపాయె!"

ముందు అతను నవ్వాడు. తర్వాత ఆమెకు ఎక్కడో కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. మడ్గార్డ్ మీంచి పడిపోతానేమోనని అతని భుజం పట్టుకుంది. ముందు కూర్చున్న మనిషికి తెలుసు, వెనక కూర్చున్న మనిషికి తెలుసు. ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ, ఒకరికి తెలియదని ఇంకొకరు అనుకుంటూ, నాలుగు కిలోమీటర్లు పత్తిని రోడ్డుకు పంచిపెట్టుకుంటూ పోయారు.

"మరి నన్ను తిట్టలేదెందుకు?"

"నేను ఎరిగి ఆపలే. నువ్వు ఎరిగి చెప్పలే. ఎవ్వలను తిట్టాలె?" చత్రు తల గోక్కుని, గొంతు తగ్గించాడు. "మీ యాడికి మాత్రం చెప్పకు. ఏడేండ్ల సంది అంతా నీ మీదనే పెట్టిన."

తండా కనిపించేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఒకరు ఆపితే ఇంకొకరు మొదలుపెట్టారు. దిగేముందు మాత్రం కవిత ఫోన్‌లో టైము చూసింది. ఒకటి నలభై.

*

అన్నం తిన్నాక కడుపు నిండింది. మనసు మాత్రం మళ్లీ ప్యానెల్ కిందికి పోయి పడుకుంది. బాపుతో నవ్విన నవ్వు ఆమెను తేలిక చేసింది కానీ, ప్యానెల్‌ను మూయలేదు. ఇప్పుడు ఆమెకు ఒక కొత్త తంటా వచ్చింది. ఈ అనుమానం ఆ పత్తి లోంచి పుట్టిందని తేలిపోయింది కదా, ఆ పత్తి సంగతి బాపుకు ముందే తెలుసని కూడా తేలిపోయింది కదా, మరి ఇక అనుమానం పోవాలి. పోలేదు. అయితే ఇది వట్టి జబ్బే. జబ్బును నమ్మి ఫోన్ చేస్తే నర్సయ్య సార్ నవ్వుతాడు, నవ్వి ముద్రను సొరుగులో పెడతాడు. చేయకూడదు. చేయకుండా ఉండడమే మందు. నాలుగు దాటనీ, విమానం బయటికి పోనీ, తనకు రోగం కుదురుతుంది.

ఈ ఆలోచన చాలా తెలివైనదిగా అనిపించింది. అంత తెలివిగా అనిపించడమే ఆమెకు నచ్చలేదు.

"ఏందే గట్ల కూసున్నవ్?" వాకిట్లోంచి తల్లి మంగమ్మ అరిచింది. "వంద దర్వాజలు మూసేదానివట. వచ్చినప్పటి సంది మనింటి దర్వాజ బార్లా తెరిచే పెట్టినవ్. కోడి లోపటికొచ్చి బియ్యం డబ్బ మీద కూసున్నది!"

"సెలవుల తలుపులు మూయను యాడీ."

"మూయకు. కోడికి చాప గూడ పరిచిపెట్టు."

కవిత కోడిని వెళ్లగొట్టి బయటికి వచ్చింది. టైము మూడుంబావు. తండా మధ్య పందిరి కింద మంచె మీద తీజ్ బుట్టలు వరసగా ఉన్నాయి. పది బుట్టలు, పదిమంది ఆడపిల్లలవి. ఒక్కోదానిలో వేలెడు పొడుగు లేత గోధుమ మొలకలు. కవిత బుట్టకు ఆమె రాకముందు నుంచి నీళ్లు పోస్తున్నది బాబాయి కూతురు సుమ. మానుకోటలో డిగ్రీ చదువుతోంది. ఇప్పుడు కూడా చెంబు పట్టుకుని బుట్టబుట్టకూ పోస్తోంది. మిగతా పిల్లలు పాట అందుకుని, మధ్యలో మరిచిపోయి, ఒకరి మీద ఒకరు నెపం పెట్టుకుంటున్నారు.

"ఏక్," అంది సుమ, మొదటి బుట్టకు చెంబెడు పోసి. "ది." రెండోది. "తీన్. చార్."

కవిత మంచె గుంజకు ఆనుకుని నిలబడింది. ఎవరో తన గదిలో తన మాటలే పలుకుతున్నట్టు ఉంది.

"పాంచ్."

"సుమా!" మంగమ్మ కేక. "రొట్టెలు ఎందరికి చేయాలె?"

"ఎనిమిది మందికి పెద్దమ్మా! ఇద్దరు తిన్నమంటున్నరు!" అని తిరిగి చెప్పి, చెంబు ఎత్తిన సుమ అక్కడే ఆగిపోయింది. ఐదో బుట్టకేసి చూసింది. ఆరో బుట్టకేసి చూసింది. "అయ్యో, పెద్దమ్మ నా లెక్కంత పాడు చేసింది. దీనికి పోసిన్నా, లేదా?"

"నువ్వే లెక్కపెట్టినవ్ గదా," అంది ఒక పిల్ల.

"లెక్కనే పోయింది గద! పోతే పాయె." సుమ చెంబు కింద పెట్టి, ఆరో బుట్టలో మట్టిలోకి వేలు గుచ్చింది. "పొడిగున్నది. పోయలే." నీళ్లు పోసి ఏడో బుట్టకు పోయింది. అంతే. సిగ్గులేదు, ఆలోచన లేదు, గుండె దడ లేదు.

కవిత గుంజను వదిలి ఆరో బుట్టకేసి చూసింది.

మోతీ.

మోతీ ఎప్పుడు మాట్లాడింది? పని అయ్యాక కాదు. తను లెక్కపెడుతుంటేనే. ఆ లెక్క విని కదా ఆమె గుర్తుపట్టింది! నాలుగేళ్లుగా ఎవరూ రాని గదిలోకి, సరిగ్గా తను లాచ్‌లు వేస్తున్నప్పుడు, ఒక మనిషి వచ్చింది. పాంచ్ దగ్గర "నువ్వు మనదానివేనా" అంది. తను తల తిప్పింది. తీజ్ మాటలు నడిచాయి. "ఎన్ని రోజులు సెలవు?" అంది మోతీ. తను ఏమంది?

"ఛో," అంది. ఆరు.

అని, ఇద్దరూ నవ్వుకుని, తను మళ్లీ పైకి చూసి, ప్యానెల్ మీద అరచేయి పెట్టి రాసింది. నున్నగా జారింది. ఛో అన్న మాట నోటినుంచి బయటికి వచ్చేసింది కాబట్టి లెక్క పూర్తయింది. టార్చి జేబులో పెట్టుకుని లేచింది.

ఉదయం నుంచి ఆమెకు ఆరు శబ్దాలు గుర్తున్నాయి. ఇప్పుడు ఒక్కోదాన్నీ విడిగా విన్నది. ఐదు ‘టక్’లు, ఒక నవ్వు.

ఆశ్చర్యంగా, భయం వేయలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె అనుమానానికి ఒక ముఖం, ఒక పేరు, ఒక చోటు దొరికాయి. మునుపటి రెండుసార్లూ ఏం పోయిందో తెలియకుండానే కేక వేసింది. ఇప్పుడు ఏది పోయిందో తెలుసు, ఎక్కడ పోయిందో తెలుసు. ముద్ర సంగతి మళ్లీ గుర్తొచ్చింది. గుండ్రంగా, చిన్నగా, సొరుగులో పడి ఉన్నట్టు కనిపించింది. కనిపించనీ. చెరువు కట్ట మలుపు కూడా కనిపించింది, వెనక తెల్లగా లేస్తున్న పత్తితో సహా. అద్దంలో చూస్తూ దిగుడు కోసం ఎదురుచూస్తున్న మనిషి వీపు కూడా కనిపించింది.

టైము మూడు ఇరవై ఆరు.

"బాయీ, నీ బుట్టేనే అది, ఆరోది!" సుమ అటునుంచి అక్కను పిలుస్తూ అరిచింది. "చూసినవా, నేను గుర్తుపట్టకపోతే ఎండిపోయేది. నాకేం ఇస్తవ్?"

"అడిగింది ఇస్త. జర ఉండు," అని కవిత పందిరి బయటికి, ఎండలోకి వచ్చింది. పిల్లలు పాట మళ్లీ అందుకున్నారు. ఈసారి సరిగ్గానే పాడుతున్నారు. ఆమె ఫోన్ తీసి పేరు వెతికి నొక్కింది.

రెండు మోతలకే ఎత్తాడు. వెనక లాగే బండి ఇంజను చప్పుడు వినపడుతోంది.

"ఎవరూ? మళ్లొక్కసారి కవితనా?" అన్నాడు నర్సయ్య.

"గదే కవితను సార్," అంది. "బండి ఆపుండ్రి. వెనక చక్రాల అవతలి ప్యానెల్. ఐదు లాచ్‌లు పెట్టిన. ఆరోది పెట్టిన అని నేను చెప్పలేను."